చెన్నైలో తామర, గజ్జి: పసుపు, వేపాకు ఎంతవరకు?

ఐటీ కంపెనీలున్న ఓఎంఆర్ రోడ్డు పీజీల్లో కొత్తగా దిగిన మనవాళ్ళు తరచూ అడిగే సందేహం ఇది. "తొడ మీద గుండ్రంగా ఎర్రమచ్చ వచ్చింది, అమ్మ పసుపు, వేపాకు రాయమంటోంది, రాయనా?" రాయచ్చు, కాకపోతే అదేమిటో ముందు తెలుసుకోండి. అంచు లేచి, మధ్యలో తేలిపోయిన మచ్చయితే తామర, అంటే ఫంగస్. వేళ్ళ సందుల్లో, నడుం చుట్టూ చిన్న పొక్కులు లేచి రాత్రిళ్ళు నిద్ర పట్టనంత దురద పెడితే చాలావరకు గజ్జి, అది చర్మంలో దూరే పురుగు పని. దేని మందు దానిదే.

దయచేసి మందుల షాపుకెళ్ళి "దురదకి ఏదైనా క్రీమ్" అని మాత్రం అడక్కండి. అలా ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపేసి ఉంటాయి. రెండు రోజుల్లో దురద, ఎరుపు పోతాయి, తగ్గిందనుకుని ఆపేస్తారు, ఫంగస్ మాత్రం లోలోపల పాకుతూనే ఉంటుంది. స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం వాటిని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకి కూడా లొంగని తామర మన దేశంలో బాగా పెరిగింది, ఆ ఫంగస్‌కి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు కూడా పెట్టారు.

ఇక ఆకుల సంగతి. తామరకి నేను గట్టిగా చెప్పేది సీమ అవిసె, ఇక్కడి నాట్టు మరుందు కడైలో (నాటుమందుల షాపులో) సీమై అగత్తి అని అడగాలి. ఆ ఆకుల్లో ఫంగస్‌ని అణిచే క్రైసోఫానిక్ ఆమ్లం లాంటివి ఉంటాయి. ఫిలిప్పీన్స్ ఆరోగ్యశాఖ ఆమోదించిన 10 ఔషధ మొక్కల్లో ఇదొకటి, అక్కడ దీన్ని అకాపుల్కో అంటారు. పచ్చి ఆకు దొరికితే మెత్తగా నూరి మచ్చ మీదే కాదు, చుట్టూ రెండు వేళ్ళ మేర రాయండి, ఎందుకంటే ఫంగస్ చురుగ్గా ఉండేది అంచులోనే. ముందు మోచేతి లోపల కాస్త రాసి ఒక రోజు ఆగి చూడండి, మంట పుడితే వదిలేయండి. ఇదంతా ఒకటీ అరా చిన్న మచ్చలకే.

పసుపులోని కుర్కుమిన్ నీళ్ళలో కరగదు, అందుకే నీళ్ళలో కలిపి పూస్తే చొక్కాకి అంటేదే ఎక్కువ, కొబ్బరినూనెలో కలపండి. గజ్జల్లో, చంకల్లో మాత్రం నూనె వద్దు, ఈ ఊరి ఉక్కకి చెమట, జిడ్డు కలిసి ఇంకా ఎక్కువవుతుంది. వెల్లుల్లి నూరి కట్టకండి, చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలో బైకెక్కినా అంతే, అందులోని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని మాడ్చేస్తాయి.

గజ్జికి వేపాకు, పసుపు కలిపి నూరి 814 మందికి రాస్తే 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో నయమైందని 1992లో ఒక అధ్యయనం వచ్చింది. మన అమ్మమ్మల వైద్యానికి అంత ఫలితం కనపడటం నాకు నిజంగా సంతోషం, కానీ అది పైలట్ అధ్యయనమే, అంటే తొలి పరీక్ష మాత్రమే. నలుగురు ఒకే గదిలో పడుకునే పీజీలో పదిహేను రోజులు ఆగితే అందరికీ అంటుకుంటుంది, అందుకే గజ్జి పురుగుని చంపే 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ వాడమంటాను. అదీ చేమంతి జాతి పూలలో ఉండే, పురుగుల్ని చంపే పైరెత్రిన్‌ని చూసి తయారు చేసిందే. రాత్రి మెడ కింద నుంచి అరికాళ్ళ దాకా రాసుకుని పొద్దున కడిగేయాలి, వారం తర్వాత మళ్ళీ రాయాలి. దురద ఉన్నా లేకపోయినా గదిలో అందరూ ఒకే రోజు రాసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి.

మచ్చలు ముఖానికో గజ్జలకో పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, షుగర్ ఉన్నా ఆకులు పక్కన పెట్టి చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. డబ్బుల టెన్షన్ ఉంటే సెంట్రల్ స్టేషన్ దగ్గర ప్రభుత్వాసుపత్రి జీహెచ్‌లో స్కిన్ ఓపీ ఉంది. ఆకు వైద్యమే కావాలంటే తాంబరం శానటోరియంలో జాతీయ సిద్ధ (తమిళుల సంప్రదాయ వైద్యం) సంస్థ ఉంది, అక్కడ డాక్టర్లు చూసి ఇస్తారు. అప్పటిదాకా తువ్వాలు ఎవరికీ ఇవ్వకండి, ఎవరిదీ వాడకండి, లోదుస్తులు ఎండలో పూర్తిగా ఆరాకే వేసుకోండి.