వీడియో ఉన్నా రగ్బీ లీగ్‌లో రిఫరీ నిర్ణయాల మీద ఇన్ని గొడవలెందుకు?

సిడ్నీకి కొత్తగా వచ్చానని, సోమవారం పొద్దున ఆఫీసులో ఎవర్ని కదిపినా "రిఫరీ ముంచేశాడు" అంటున్నారని రాశారు. రీప్లే చూసి చెప్పే పద్ధతి ఉన్నప్పుడు ఈ రచ్చ ఎందుకు ఆగదు, రిఫరీలు నిజంగానే కొన్ని జట్లకి కొమ్ము కాస్తారా అని అడిగారు.

కొమ్ము కాయడం అనేదాన్ని నేను నమ్మను. నిజానికి నమ్మడానికి నాకు కావలసినన్ని కారణాలు ఉన్నాయి, అయినా నమ్మను. మేం ఉండేది సిడ్నీ పడమటి పక్క వెంట్‌వర్త్‌విల్‌లో. ఇంటిల్లిపాదీ పారమాటా ఈల్స్ జట్టు అభిమానులం. ఈల్స్ చివరిసారి కప్పు గెలిచింది 1986లో. అంటే రిఫరీల్ని తిట్టుకోవడంలో మాకు బోలెడు సీనియారిటీ ఉందన్నమాట. మా అబ్బాయి జూనియర్ లీగ్ ఆడతాడు, మనుషులు తక్కువైనప్పుడు క్లబ్ వాళ్లు జెండా చేతికిచ్చి నన్ను టచ్ జడ్జ్‌గా, అంటే పక్క గీత దగ్గర రిఫరీకి సాయం చేసేవాడిగా నిలబెడతారు. కాబట్టి తిట్టే వైపు నుంచీ, తిట్లు తినే వైపు నుంచీ కూడా చెప్పగలను.

నాకు అర్థమైనంతవరకు, వీడియో వచ్చాక గొడవలు తగ్గలేదు, వేరే చోటికి మారాయి. ఇదివరకు "వాడు చూశాడా లేదా" అని కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు "దేన్ని చూడొచ్చు, ఎప్పుడు చూడొచ్చు, చూసినదానికి రూల్ ఏమంటుంది" అని కొట్టుకుంటున్నారు.

దీనికి 2019 గ్రాండ్ ఫైనల్‌కి, అంటే సీజన్ చివర కప్పు ఎవరిదో తేల్చే మ్యాచ్‌కి మించిన ఉదాహరణ లేదు. ముందు రూల్ రెండు ముక్కల్లో చెబుతాను. జట్టుకి పదమూడు మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి ఆరు ట్యాకిళ్లు, ట్యాకిల్ అంటే బంతి పట్టుకున్నవాణ్ణి అవతలి వాళ్లు పట్టి ఆపడం. ఆరోసారి పట్టేశారంటే బంతి అవతలి వాళ్లకి ఇచ్చేయాలి, అందుకే ఐదో ట్యాకిల్ అయ్యాక ఎవరైనా సాధారణంగా కిక్ కొట్టేస్తారు. డిఫెన్స్ చేస్తున్న జట్టు బంతిని ఆడబోయి తాకితే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది. దాన్నే "సిక్స్ అగైన్" అంటారు. రిఫరీ చెయ్యి పైకెత్తి తిప్పుతాడు.

2019 అక్టోబరు 6. హోమ్‌బుష్‌లోని పెద్ద స్టేడియం, 80 వేలకు పైగా జనం. సిడ్నీ రూస్టర్స్ మీద క్యాన్‌బెరా రైడర్స్. క్యాన్‌బెరా ఫైనల్‌కి రావడం 1994 తర్వాత అదే మొదటిసారి కావడంతో, రూస్టర్స్ అభిమానులు తప్ప ఊరంతా వాళ్ల వైపే ఉంది. ఇక్కడ మనవాళ్లకి దసరా రోజులు. మేం ఒక స్నేహితుడి ఇంట్లో భోజనానికి పోగయ్యాం. ఆడవాళ్లు బతుకమ్మ ఫొటోలు చూసుకుంటుంటే మగవాళ్లం పులిహోర ప్లేట్లు పట్టుకుని టీవీ ముందు కూలబడ్డాం.

పది నిమిషాల లోపే ఆట మిగిలింది, స్కోరు 8-8. రైడర్స్ ఆఖరి ట్యాకిల్ మీద బంతిని గాల్లోకి లేపారు. కింద రెండు జట్ల వాళ్లూ ఎగిరారు, బంతి ఎవరికో తగిలి మళ్లీ రైడర్స్ వైపే పడింది. రిఫరీ బెన్ కమిన్స్ చెయ్యి పైకెత్తి తిప్పాడు, సిక్స్ అగైన్. మరుక్షణంలోనే మాట మార్చి ఇదే ఆఖరిది అన్నాడు, ఎందుకంటే బంతి తగిలింది రైడర్స్ ఆటగాడికేనని తేలింది. కానీ ఆ హోరులో ఆ మాట ఎవరికి వినపడుతుంది? బంతి అందుకున్న జాక్ వైటన్ చేతి సైగ చూశాడు, ఇంకా ఆరు ఉన్నాయి కదా అని కిక్ కొట్టకుండా ట్యాకిల్ తీసుకున్నాడు. లేచేసరికి బంతి రూస్టర్స్‌ది. కాసేపట్లోనే రూస్టర్స్ ఆటగాడు జేమ్స్ టెడెస్కో ట్రై చేశాడు, అంటే బంతిని అవతలి గోల్ గీత దాటించి నేలకి ఆనించాడు, 14-8తో మ్యాచ్ అయిపోయింది. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే క్లైవ్ చర్చిల్ మెడల్ ఓడిన జట్టులోని వైటన్‌కే ఇచ్చారు. మెడలో వేసుకుంటున్నప్పుడు ఆయన మొహం చూడాలి!

ఇప్పుడు చెప్పండి, ఇందులో తప్పేంటి? బంతి ఎవరికి తగిలింది అన్నదే ప్రశ్నయితే తుది నిర్ణయం కరెక్టు. లీగ్ తరఫున ఆట వ్యవహారాలు చూసే అధికారి గ్రాహం ఆనెస్లీ కూడా అదే అన్నారు: చివరి నిర్ణయం సరైనదే, మొదటి సైగ తప్పు. రిఫరీ తప్పు దిద్దుకున్నాడు కదా, ఇంకేంటి అని ఆ రోజు మా స్నేహితుడు వాదించాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. సైగ అనేది ఆటగాడితో చేసుకున్న ఒప్పందం. దాన్ని నమ్మి ఒక మనిషి ఫలానా పని చేశాక, ఒప్పందం రద్దయింది, బంతి ఇచ్చేయ్ అంటే ఎలా? మొదటే "ఆఖరిది" అని ఉంటే వైటన్ కిక్ కొట్టేవాడు, రూస్టర్స్ తమ గోలు దగ్గర ఇరుక్కునేవాళ్లు. ఎన్ని కెమెరాలున్నా ఈ గొడవ తీరదు. అసలు చూడ్డానికి ఏమీ లేదు అందులో.

(అదే మ్యాచ్ మొదట్లో రూస్టర్స్ కొట్టిన కిక్‌ని రైడర్స్ అడ్డుకుంటే, బంతి వెళ్లి ఆటగాళ్లకి సాయం చేయడానికి మైదానంలో ఉన్న రూస్టర్స్ ట్రైనర్‌కి తగిలింది. రూల్ ప్రకారం స్క్రమ్ (రెండు జట్లవాళ్లూ గుంపుగా ఆనుకుని ఆట మళ్లీ మొదలుపెట్టడం) రూస్టర్స్‌కే ఇచ్చారు. క్యాన్‌బెరా వాళ్ల దగ్గర ఈ రెండో ముచ్చట ఎత్తకండి, ఆ రోజుకి ఇక పని జరగదు.)

ఇక వీడియో చూసి మరీ తప్పు చెప్పిన కథ ఒకటుంది. రీప్లేల కోసం 2016 నుంచి సిడ్నీలోనే ఒక గది నిండా స్క్రీన్లు పెట్టి నడుపుతున్నారు, దాన్ని బంకర్ అంటారు. 2020 నుంచి కెప్టెన్ ఛాలెంజ్ కూడా పెట్టారు. మన క్రికెట్ డీఆర్‌ఎస్ లాంటిదే: జట్టుకి ఒకటి, గెలిస్తే మిగులుతుంది, ఓడితే పోతుంది. అయితే రిఫరీ ఆట ఆపిన నిర్ణయాల మీదే అడగాలి.

2022 జూలైలో టౌన్స్‌విల్‌లో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ మీద వెస్ట్స్ టైగర్స్ 26-25తో ముందున్నారు. ఆటలో మిగిలింది ఒకే ఒక్క కిక్-ఆఫ్. కౌబాయ్స్ చిన్నగా తన్నారు, బంతి టైగర్స్ చేతికే చిక్కింది, ఆట ముగిసినట్టు రిఫరీ విజిల్ వేశాడు. టైగర్స్ కుర్రాళ్లు కావలించుకుంటున్నారు. అప్పుడు కౌబాయ్స్ కెప్టెన్ ఛాలెంజ్ అన్నాడు. దేన్ని ఛాలెంజ్ చేస్తావయ్యా, రిఫరీ ఏ నిర్ణయమూ చెప్పలేదు కదా అని అందరూ నోరెళ్లబెట్టారు. బంకర్ మాత్రం రీప్లే చూసి, బంతి కోసం పరుగెత్తుతున్న కౌబాయ్స్ ఆటగాడికి టైగర్స్ ఆటగాడు అడ్డొచ్చాడని పెనాల్టీ ఇచ్చింది. కౌబాయ్స్ ఆటగాడు వాలెంటైన్ హోమ్స్ గోల్ కొట్టాడు, 27-26తో వాళ్లే గెలిచారు. మర్నాడు ఆనెస్లీ మీడియా ముందుకొచ్చి ఆ ఛాలెంజ్ చెల్లుతుంది గానీ పెనాల్టీ మాత్రం ఇవ్వకుండా ఉండాల్సింది అన్నారు. టైగర్స్ లాయర్ల దాకా వెళ్లారు. ఫలితం మారలేదు. ఆ సీజన్లో వాళ్లు ఆఖరి స్థానంలో నిలిచారు, కాబట్టి ఆ రెండు పాయింట్ల వల్ల పెద్దగా మునిగిందేమీ లేదు. అయినా టైగర్స్ జెర్సీ వేసుకున్న వాళ్లెవరితోనూ ఆ మాట అనకండి.

చూశారా, బొమ్మ స్పష్టంగానే ఉంది. ఇద్దరు ఒకరికొకరు తగిలారు. అది అడ్డుకోవడమా, తన దారిన తను పోతుంటే తగలడమా? ఈ ప్రశ్నకి స్లో మోషన్ జవాబివ్వదు. పైగా చెడగొడుతుంది. మామూలు వేగంలో భుజం రాసుకున్నట్టు కనిపించేది, నెమ్మదిగా చూస్తే కావాలని తోసినట్టు కనిపిస్తుంది. డికాయ్ రన్నర్ల విషయంలో, అంటే బంతి తనకే వస్తుందన్నట్టు పరుగెత్తి డిఫెండర్లని మోసం చేసేవాళ్ల విషయంలో, వారం వారం నడిచే తలనొప్పి ఇదే.

ఫార్వర్డ్ పాస్ సంగతి మరీ తమాషా. రగ్బీలో బంతిని చేత్తో ముందుకి విసరకూడదని మీకు తెలిసే ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ గోల దీని మీదే, కానీ దీన్ని బంకర్ ముట్టుకోకూడదు! మైదానంలో ఉన్న రిఫరీ, టచ్ జడ్జ్‌లు చెప్పిందే వేదం. ఎందుకో తెలిస్తే మన ఇంజినీర్లకి సరదాగా ఉంటుంది. పరుగెత్తే రైల్లో కూర్చుని వెనక సీటులోని మనిషికి నారింజ విసిరితే, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడికి ఆ నారింజ ముందుకి పోయినట్టే కనిపిస్తుంది. సెకనుకి ఏడు మీటర్లు పరుగెత్తేవాడు రెండు మీటర్ల వేగంతో వెనక్కి విసిరినా, నేల మీద లెక్కిస్తే బంతి సెకనుకి ఐదు మీటర్ల చొప్పున ముందుకే పోతుంది. అందుకే చేతిలోంచి ఎటు వదిలాడన్నదే చూస్తారు, గడ్డి మీద గీతల్ని బట్టి కాదు. కెమెరా ఏమో ఆ గీతల్నే చూపిస్తుంది, అదీ ఏటవాలుగా. టీవీలో గీత చూపించి "రెండు మీటర్లు ముందుకి పోయింది" అని అరిచే కామెంటేటర్ల మాట అసలు పట్టించుకోకండి.

ఈల్స్ అభిమానిగా నా సొంత పుండు ఒకటి చూపించకుండా ఉండలేను. 2021లో కోవిడ్ వల్ల ఫైనల్స్ అన్నీ, అంటే సీజన్ చివర్లో కప్పు కోసం ఆడే మ్యాచ్‌లన్నీ, క్వీన్స్‌లాండ్‌కి తరలించారు. మకైలో మా ఈల్స్ పక్క ఊరి పెన్రిత్ మీద ఆడుతున్నారు. 8-6, మేం వెనకబడ్డాం, కానీ చివర్లో వాళ్ల మీదికి దూసుకెళ్తున్నాం. ఆ సమయంలో పెన్రిత్ ఆటగాడొకడు దెబ్బ తగిలి పడిపోయాడు, వాళ్ల ట్రైనర్ ఆట ఆపమని అడిగాడు, రిఫరీ ఆపేశాడు. మా ఊపంతా నీరుగారిపోయింది, పెన్రిత్ డిఫెన్స్ ఊపిరి పీల్చుకుని వరసలో నిలబడింది. తర్వాత లీగ్ విచారించి పెన్రిత్ క్లబ్‌కి జరిమానా వేసింది. డబ్బు కట్టారు, ఆ ఏడాది కప్పూ గెలిచారు. రిఫరీ ఇందులో చేసిన తప్పేమీ లేదనే అంటాను. దెబ్బ పెద్దదని ట్రైనర్ చెప్పాక ఆపకుండా ఎలా ఉంటాడు? కానీ మా ఇంట్లో ఈ మాట అంటే మా అబ్బాయి రెండు రోజులు నాతో మాట్లాడడు.

పాతవి తవ్వితే అంతులేదు. 1972 ప్రపంచ కప్ ఫైనల్ ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగింది. ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రేమ్ లాంగ్‌లాండ్స్ గాల్లోకి డైవ్ చేసి చేసిన ట్రైని ఆఫ్‌సైడ్ అని, అంటే బంతి తన్నినవాడికంటే ముందున్నాడని కొట్టేశారు. మ్యాచ్ 10-10 డ్రా అయింది, అంతకుముందు మ్యాచ్‌ల రికార్డు మెరుగ్గా ఉందని కప్పు బ్రిటన్‌కి పోయింది. ఫిల్మ్ చూస్తే ఆయన ఆఫ్‌సైడ్‌లో లేడు. ఇలాంటి గొడవని మాత్రం ఈ కాలం బంకర్ అరనిమిషంలో తేల్చేసేది. 2013 ఫైనల్స్‌లో క్రొనల్లా వాళ్లు కౌబాయ్స్ మీద ఏడో ట్యాకిల్‌లో ట్రై చేసి 20-18తో గెలిచారు. ఆరు దాకా లెక్కపెట్టడానికి మైదానంలో అప్పుడు ఇద్దరు రిఫరీలు ఉన్నారు! ఇద్దరు రిఫరీల పద్ధతిని 2020లో ఎత్తేశారు. 1978 సెమీఫైనల్‌లో మ్యాన్లీ మా మీద ఇలాగే ఏడో ట్యాకిల్‌లో ట్రై చేసిందని పారమాటా ముసలివాళ్లు ఇప్పటికీ మొన్న జరిగినట్టు చెబుతారు.

ఇక నా జెండా సంగతి. ఒక శనివారం పొద్దున పన్నెండేళ్ల పిల్లల మ్యాచ్. అవతలి జట్టు వింగర్ లైన్ పక్కనుంచి పరుగెత్తుకొస్తున్నాడు. టచ్ జడ్జ్ ఏకకాలంలో కాలు చూడాలి, బంతి చూడాలి, ట్యాకిల్ చేసేవాణ్ణి చూడాలి, వాడితో సమానంగా తనూ పరుగెత్తాలి. ఆ అబ్బాయి బూటు మడమ సున్నం గీత మీద పడింది, సున్నం పొడి లేచింది. జెండా ఎత్తాను. ట్రై పోయింది. వాళ్ల నాన్న ఫోన్ పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు, "ఇదిగో వీడియో, చూడు, కాలు లోపలే ఉంది" అని. ఆయన నిలబడి తీసింది మైదానానికి అవతలి పక్కనుంచి. అందులో కాలు కనపడదు, మా అబ్బాయి జట్టులోని ఇంకో పిల్లాడి వీపు కనపడుతుంది. ఆ వీపు వెనక ఆయనకి కొడుకు కాలు లోపల ఉన్నట్టు కనిపించింది. ఇంకా నాలుగు మాటలన్నాడు, నా యాస మీద కూడా. గ్రౌండ్ మేనేజర్ వచ్చి పక్కకి తీసుకెళ్లాడు. మ్యాచ్ నడిపిన రిఫరీ ఒక హైస్కూల్ కుర్రాడు. నా దగ్గరికొచ్చి "మీరు ఓకేనా" అని అడిగి, ఏమీ జరగనట్టు వెళ్లి స్క్రమ్ పెట్టించాడు. అలాంటి కుర్రాళ్లే పదేళ్ల తర్వాత టీవీలో కనపడేది. వాళ్లు చిన్నప్పుడే మానేయకుండా చూసుకోవడం బంకర్ కన్నా పెద్ద పని అని నా లెక్క.

మీరు సోమవారం ఆఫీసులో మాట కలపాలంటే ఒక్క సలహా. ఎవరైనా రిఫరీ ముంచాడనగానే, రిఫరీ చూడలేదా, చూసి రూల్ తప్పు చెప్పాడా, లేక ముందు ఒకటి చెప్పి తర్వాత మార్చాడా అని అడగండి. మొదటిదైతే ఓదార్చండి. రెండోదైతే టీ తెచ్చుకుని కూర్చోండి, చాలాసేపు పడుతుంది. మూడోదైతే మాత్రం వాళ్లతో కలిసి మీరూ తిట్టొచ్చు. మ్యాచ్ టీవీలో చూసేటప్పుడు రిఫరీ, బంకర్ మాట్లాడుకునేది వినపడుతుంది, కామెంటరీ వదిలేసి ఆ మాటలు వినండి, నాలుగు వారాల్లో రూల్స్ వాటంతటవే వచ్చేస్తాయి. పారమాటా స్టేడియానికి వస్తే పొడవు పక్క టికెట్ తీసుకోండి. గోల్ స్తంభాల వెనక సీట్లు చవక, కానీ అక్కణ్ణుంచి ఫార్వర్డ్ పాస్ మీద వాదనకి దిగితే మిమ్మల్ని ఎవరూ లెక్కచేయరు.