తోటపని నేర్చుకుంటే నిలబడతామా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే మాట మీద వచ్చాయి. పదో, ఇంటరో అయిపోయింది, తోటల పనిలో ట్రైనింగ్ ఏదన్నా తీసుకుంటే ఉద్యోగం వస్తదా రాదా అని. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచే ఎక్కువ వచ్చాయి కాబట్టి ఆ లెక్కలోనే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: సార్, మాది పొదలకూరు పక్కన పల్లె. ఇంటర్‌లో ఒక సబ్జెక్ట్ పోయింది, సప్లీ కూడా పోయింది. మా నాయనకి ఎకరంన్నర నిమ్మతోట ఉంది, రేటున్న ఏడు బాగానే ఉంటది, లేని ఏడు కోత కూలి కూడా రాదు. మా ఊళ్లో ఒకాయన గార్డెనర్ కోర్సు ఉండాది, రెండు నెలలు, గవర్నమెంటు సర్టిఫికెట్ ఇస్తారు, జాబ్ కూడా చూపిస్తారు అంటా ఉండాడు. కానీ ముందు రెండు వేలు కట్టమంటా ఉండాడు. పోవచ్చా?

జవాబు: రెండు వేలు కట్టబాకు తమ్ముడూ, ముందు ఆ మాట తేల్చేద్దాం. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన గానీ, పల్లెటూరి పిల్లల కోసం పెట్టిన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన గానీ (మన రాష్ట్రంలో దీన్ని సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్లు నడుపుతారు, 15 నుంచి 35 ఏళ్ల లోపు వాళ్లకి) ఇవన్నీ ఫ్రీనే, మధ్యలో ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు అన్నారంటే అది ఆయన జేబులోకే. ఒరిజినల్ మార్కుల లిస్టు కూడా ఎవరి చేతిలో పెట్టొద్దు, జిరాక్స్ చాలు.

ఇక కోర్సు సంగతి. గార్డెనర్ అనే కోర్సు నిజంగానే ఉంది, గ్రీన్‌హౌస్ ఆపరేటర్ ఉంది, మైక్రో ఇరిగేషన్ టెక్నీషియన్ ఉంది, ఇవన్నీ అగ్రికల్చర్ స్కిల్ కౌన్సిల్ వాళ్లు తయారుచేసినవి. కానీ ఒకే కోర్సుని ఒక సెంటర్లో తోటలో నేర్పిస్తారు, ఇంకో సెంటర్లో రెండో అంతస్తులో ప్రొజెక్టర్ పెట్టి నేర్పిస్తారు, చివర్లో ఇద్దరికీ వచ్చే సర్టిఫికెట్ మాత్రం ఒకటే. అందుకని చేరేముందు ఒక్క ప్రశ్న అడుగు, "నా చేత ఎన్ని అంట్లు కట్టిస్తారు?" అని. సూటిగా సమాధానం రాకపోతే, థియరీలో చెప్తాం, వీడియో చూపిస్తాం అంటే, ఇంటికొచ్చెయ్. నర్సరీ ఓనరు నీ సర్టిఫికెట్ చూడడు, కత్తి చేతికిచ్చి కట్టమంటాడు, అంతే. చాలా నర్సరీల్లో అంట్లు కట్టేవాళ్లకి రోజు కూలి కాదు, అంటుకి ఇంత అని లెక్క, బతికిన అంటుకే డబ్బులిచ్చే చోట్లు కూడా ఉన్నాయి. చెయ్యి తిరిగిన మనిషికీ కొత్తోడికీ తేడా అక్కడ తెలుస్తది.

అంటు అంటే ఏంటో కొంచెం చెప్తా, ఆ పని నీకు పడుద్దో లేదో నీకే అర్థమైపోద్ది. మామిడి తీసుకో. మంచి తల్లిచెట్టు మీద పెన్సిల్ లావున్న కొమ్మ చూసుకుని వారం పది రోజుల ముందే ఆకులు తుంచేస్తారు, తొడిమలు మాత్రం ఉంచి, అప్పుడు చివర మొగ్గ ఉబ్బుతుంది, ఆ ఉబ్బిన పుల్లనే కోస్తారు, దాన్నే సయాన్ అంటారు. కవర్లో పెరిగిన టెంక మొక్క తల తీసేసి నిలువునా ఒక అంగుళం పైన చీలుస్తారు, సయాన్ కింది కొసని రెండు వైపులా చెక్కి మేకులాగా చేసి ఆ చీలికలో దింపుతారు. ఇక్కడే అసలు కిటుకు. పుల్ల సన్నగా ఉండి మొక్క లావుగా ఉంటే మధ్యలో పెట్టకూడదు, ఒక పక్కకి జరిపి ఆ పక్కన బెరడుకి బెరడు కలవాలి, కలవకపోతే ఎంత గట్టిగా కట్టినా చచ్చిపోద్ది. తర్వాత ప్లాస్టిక్ పట్టీ గాలి దూరకుండా చుట్టి పైన పెప్సీ ఐస్ కవర్ లాంటి సన్న గొట్టం తొడుగుతారు, లోపల తేమ ఆరిపోకుండా. రెండు మూడు వారాలకి కొత్త చిగురు వస్తది, అప్పుడు కవర్ తీసెయ్యాలి. అంటు కింద నుంచి వచ్చే చిగుర్లు ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి, లేకపోతే టెంక మొక్కే పెరిగిపోయి పైనున్న మంచి రకం ఎండిపోద్ది. చదవడానికి పది నిమిషాలు, చెయ్యి కుదరడానికి ఒక సీజనంతా పడుద్ది, మామిడికి ఆ సీజన్ మనవైపు వానాకాలమే.

మీ ఇంట్లో నిమ్మ ఉందన్నావు కదా, దానికి వేరే చదువు. నిమ్మ మన దగ్గర ఎక్కువగా గింజ మొక్కలే పెడతారు, ఎందుకంటే ఒక్క గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి, వాటిల్లో చాలా వరకు తల్లిచెట్టు లాంటివే. అయితే కొన్ని తేడా మొక్కలు కూడా వస్తాయి, నారుమడిలో మరీ పీలగా ఉన్నవి, ఆకు తీరు వేరేగా ఉన్నవి పీకెయ్యాలి. ఆ పీకేది తెలిసినోడే నారు పెంచేటోడు. గజ్జి తెగులు తట్టుకునే బాలాజీ రకం ఉంది, పెట్లూరు సెలెక్షన్-1 ఉంది, ఇది వెంకటగిరి దగ్గర పెట్లూరు నిమ్మ పరిశోధన స్థానం పేరుతోనే వచ్చిన రకం. బత్తాయి అయితే గింజ పనికిరాదు, రంగపూర్ నిమ్మ మొక్క మీద సాతుగుడి (బత్తాయి రకమే) కన్ను, అంటే కొమ్మ మీది చిన్న మొగ్గ, తీసి కడతారు, ఎండు వేరుకుళ్లు తట్టుకుంటదని. కన్ను కట్టడం వస్తే ఉదయగిరి నుంచి అటు మార్కాపురం దాకా పని దొరుకుద్ది.

ఎక్కడ నేర్చుకోవాలి అంటే, నెల్లూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ప్రకాశం వాళ్లకి దర్శిలో ఉంది, రెండూ ఎన్జీ రంగా వ్యవసాయ యూనివర్సిటీవే. గ్రామీణ యువతకి అని ఏడు రోజుల ట్రైనింగులు కూడా ఉంటాయి, జిల్లాలో రైతులకి ట్రైనింగులు పెట్టే ఆత్మ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా జరుగుతాయి. ఏడు రోజుల్లో ఎవరూ పనోడు కాడు, కానీ అక్కడ సైంటిస్టులు పరిచయం అవుతారు, ఆ ఫోన్ నంబర్లు చాలా పనికొస్తాయి. తర్వాత ఒక సీజన్ నర్సరీలో పని. వీలైతే రాజమండ్రి దగ్గర కడియం వెళ్లు. ఇంటికి దూరమే గానీ అన్ని రకాల మొక్కలు, అంతమంది పనోళ్లు ఒక్కచోట కనిపించేది అక్కడే. ఆ సప్లీ సంగతి కూడా వదిలెయ్యొద్దు, ఆ ఒక్క సబ్జెక్ట్ రాసెయ్.

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ మధ్యలో ఆపేశాను, మాది ఉలవపాడు దగ్గర. మిరప, టమాటా నారు ట్రేల్లో పెంచి అమ్ముదామని ఆశ. మా అమ్మ ఏమో ఆడపిల్లకి మట్టిపని ఏంటి, ఏదో షాపులో చేరు అంటోంది. పైగా ట్రైనింగ్ లేకుండా చెయ్యొచ్చా?

జవాబు: అమ్మాయ్, మీ ఉలవపాడుని జిల్లాల గీతలు ఎటు లాగినా మామిడి ఉలవపాడు మామిడే అంటారు, అట్టాంటి ఊళ్లో ఉండి మొక్కల పని తప్పంటే ఎట్టా! అమ్మకి చెప్పు, నర్సరీల్లో నారు పనిలో సగం పైన ఆడవాళ్లే కనపడతారు, మరి ఓనర్లుగా ఎందుకు ఉండకూడదు అని.

ట్రైనింగ్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు, నారులో తప్పు జరిగితే నష్టం నీకే కాదు, నీ దగ్గర కొన్న రైతుకి ఆ ఏడు పంటే పోతుంది. 98 గుంతల ప్రోట్రే, కొబ్బరి పొట్టు, 50 శాతం షేడ్‌నెట్, పక్కల నుంచి పురుగు రాకుండా సన్నటి నెట్, ఇదీ సామాను. చూడ్డానికి తేలిక. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటది, బాగా కడిగింది కొనకపోతే మొలకలు పసుపుబారి మాడిపోతాయి. మీ వైపు సముద్రం దగ్గర కాబట్టి బోరు నీళ్లు కూడా ముందు టెస్ట్ చేయించు, నీళ్లే ఉప్పగా ఉంటే మిగతావన్నీ దండగ. గింజలు వేశాక ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి కవర్ కప్పుతారు, మొలక తల ఎత్తగానే విడదీసి పరవాలి, ఒక్క రోజు లేటైతే తెల్లగా పొడుగ్గా సాగిపోతాయి, ఆ నారు ఇక నిలబడదు. మిరప నారు 35, 40 రోజులకి పొలానికి సిద్ధం, అమ్మే ముందు నాలుగైదు రోజులు నీళ్లు తగ్గించి కొంచెం ఎండకి అలవాటు చెయ్యాలి.

ముందు ఎవరైనా నారు పెంచే వాళ్ల దగ్గర ఒక పంట కాలం జీతానికి చెయ్యి, జీతం తక్కువైనా పర్లేదు, విత్తనం వేసిన రోజు నుంచి లోడ్ ఎక్కించే దాకా అన్నీ నీ చేతుల మీదుగా జరగాలి. సొంతంగా పెట్టేటప్పుడు బ్యాంకు వాళ్ల గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ, ఆర్‌సెటీ అంటారు, అక్కడ ఫ్రీ ట్రైనింగ్ తీసుకుంటే లోన్‌కి వెళ్లినప్పుడు మేనేజరు కాస్త మర్యాదగా మాట్లాడతాడు. నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టం 2010 నుంచి ఉంది, ఉద్యానశాఖ దగ్గర లైసెన్సు తీసుకో, గింజల బిల్లులు అన్నీ దాచు, రేపు ఎవరైనా నారు బాగలేదు అంటే చూపించడానికి ఉండాలి.

ప్రశ్న: మా అబ్బాయి పది పాసయ్యాడండి, దర్శి మండలం. హార్టికల్చర్ డిప్లొమానా, ఐటీఐనా?

జవాబు: మార్కులు బాగుంటే డిప్లొమానే అండి. రెండేళ్లది, వెంకటరామన్నగూడెంలో ఉన్న వైఎస్సార్ ఉద్యాన యూనివర్సిటీ కింద నడుస్తుంది, పది తర్వాతే. గ్రామ సచివాలయాల్లో ఉద్యాన సహాయకులుగా ఈ డిప్లొమా వాళ్లనీ, బీఎస్సీ హార్టికల్చర్ వాళ్లనీ తీసుకున్నారు. డిప్లొమా అయ్యాక హార్టీసెట్ రాసి బీఎస్సీలోకి కూడా వెళ్లొచ్చు. ఐటీఐలో హార్టికల్చర్ ట్రేడ్ ఏడాదిది, అది మీ దగ్గరి ఐటీఐలో ఉందో లేదో ముందు కనుక్కోండి, బాబుకి చదువు కన్నా పని ఇష్టమైతే అదే మేలు. అబ్బాయిని కూడా అడగండి, ఉత్తరంలో ఆయన మాట ఒక్కటి లేదు.

ప్రశ్న: ఒక నర్సరీలో ట్రైనింగ్ అని చేర్చుకున్నారు, చేరి చాన్నాళ్లైంది, కవర్లకి మట్టి నింపడం, నీళ్లు పట్టడం తప్ప ఇంకేమీ నేర్పలేదు. నేర్చుకుంటున్నావు కదా అని జీతం కూడా ఇవ్వరు. ఏం చెయ్యాలి?

జవాబు: మట్టి నింపడం చిన్న పనేం కాదు, ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు ఎంత పాళ్లలో కలపాలో తెలియని వాళ్ల మొక్కలు మొదటి వానకే కుళ్లిపోతాయి. కానీ అది నేర్చుకోడానికి రెండు వారాలు చాలు. ఆ తర్వాత కూడా అదే చేయిస్తుంటే దాని పేరు ట్రైనింగ్ కాదు, కూలి పని, కూలి పనికి కూలి ఇవ్వాలి. అప్రెంటిస్ అని చెప్తే 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా కాంట్రాక్టు ఉండాలి, నెలనెలా స్టైపెండ్ ఉండాలి. అది చూపించమని అడుగు, గొడవగా కాదు, మామూలుగానే. లేకపోతే పని చేసిన రోజులు ఒక పుస్తకంలో రాసుకుని కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లు. ఇంకో నర్సరీ చూసుకోవడం దానికన్నా తొందరగా అయ్యే పని, అక్కడ మాత్రం చేరే రోజే అడుగు, కత్తి ఎప్పుడు ఇస్తారు అని.

ప్రశ్న: ఒంగోలు వైపు ఫ్యాక్టరీలో గార్డెన్ పని చేస్తున్నా సార్. మాలీ అంటే పిల్లనివ్వడం లేదు. నవ్వొద్దు.

జవాబు: నవ్వలేదు, కొంచెం నవ్వాను. పిల్లనిచ్చే వాళ్లు అడిగేది జీతమే, ఆ జీతం పెరగాలంటే గడ్డి కోసే దగ్గర ఆగిపోకూడదు. డ్రిప్ పట్టుకో. మన రాష్ట్రంలో మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు 2003 నుంచి నడుస్తోంది, తోటల్లో పైపులు పరిచారు గానీ రిపేరు చేసేవాడు దొరకడు. ప్రకాశంలో నీళ్లు గట్టివి, డ్రిప్పర్లలో తెల్లగా ఉప్పు పేరుకుని మూసుకుపోతాయి, యాసిడ్ ఎంత పాళ్లలో ఎక్కించాలి, ఎంతసేపు ఉంచి కడగాలి, ఫిల్టర్ ఎప్పుడు విప్పాలి, ఇది తెలిసినోడిని ఫ్యాక్టరీ వాళ్లూ వదులుకోరు, చుట్టుపక్కల రైతులూ ఫోన్ చేసి పిలుస్తారు. నీకు పని వచ్చు కాబట్టి కొత్తగా నెలల తరబడి క్లాసుల్లో కూర్చోనక్కర్లేదు, వచ్చిన పనికే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కౌశల్ యోజనలోనే ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. అది తెచ్చుకుంటే కాంట్రాక్టరు మారినప్పుడు సూపర్‌వైజర్ పోస్టు అడగడానికి కాగితం ఒకటి ఉంటది.

ప్రశ్న: అంటు కట్టడానికి ఏ కత్తి కొనాలి? ఆన్‌లైన్‌లో బోలెడు ఉన్నాయి.

జవాబు: మొదట్లో ఖరీదైంది వద్దు. కొందరు పాత పనోళ్లు సగం విరిచిన గడ్డం బ్లేడుతోనే కడతారు, కత్తి కన్నా పదును ముఖ్యం, ఒక్క గీతలో తెగాలి, రెండోసారి గీస్తే చెక్కిన చోటు మెట్లు మెట్లుగా వచ్చి అతకదు. మడిచే బడ్డింగ్ కత్తి ఒకటి, మంచి సికేచర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర) ఒకటి చాలు. నర్సరీ మొక్కల మీద చెయ్యి పెట్టే ముందు వేప, సుబాబుల్ పుల్లల మీద రోజూ చెక్కడం ప్రాక్టీస్ చెయ్యి. నిమ్మ, బత్తాయిలో ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్లేటప్పుడు కత్తిని స్పిరిట్‌తో తుడువు, రోగాలు కత్తి మీదే ప్రయాణం చేస్తాయి. బొటనవేలికి గుడ్డ చుట్టుకో, కొత్తలో తెగేది అక్కడే.