ఆమేన్ తర్వాత

చిరంజీవికి,

మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో శుభాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆదివారం, యేసును చూడాలని చెట్టెక్కిన సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) జక్కయ్య మీద ప్రసంగం విని కన్నీళ్లు పెట్టుకున్నానన్నావు. బుధవారం ఎవరో అడిగితే జక్కయ్య చెట్టెక్కాడన్నది తప్ప మరో ముక్క నోటికి రాలేదనీ రాశావు. "నా జ్ఞాపకశక్తి ఇంతే పెదనాన్నా" అని తేల్చేశావు కూడా. నేనొప్పుకోను. చిన్నప్పుడు నిన్నెవరు ఏ మాటన్నారో ఇప్పటికీ పొల్లుపోకుండా చెబుతావు. మనసుకు అవసరమనిపించింది మనసు వదిలిపెట్టదు. లోపం మరోచోట ఉంది. పాస్టర్ గారు ఆమేన్ అనగానే మన పని అయిపోయిందనుకుంటాం. ఆయన పని అయింది, మనది అక్కడే మొదలవుతుంది.

విత్తువాని ఉపమానం నీకు తెలిసిందే, త్రోవ పక్కన పడ్డ విత్తనాలను పక్షులు వచ్చి తినేశాయి. ఆ విత్తనాల గురించి మార్కు సువార్తలో ప్రభువు చెప్పిన మాట ఒకసారి చూడు. కొందరు వాక్యం విన్న వెంటనే సాతాను వచ్చి దాన్ని ఎత్తుకుపోతాడన్నాడు. ఆ 'వెంటనే' అన్న మాట నన్ను చాలాకాలం వెంటాడింది. మన విషయంలో ఆ పక్షులు ఎక్కడ వాలతాయంటే, ఆరాధన ముగిసి చెప్పులేసుకునే చోట. ఎవరు పాట శ్రుతి తప్పారు, ఎవరు ఆలస్యంగా వచ్చారు, పాస్టర్ గారు ఎంతసేపు తీసుకున్నారు. ఇంటికి చేరేలోపు విత్తనం ఒక్కటీ మిగలదు. ఆ గంట కాపాడుకో. అందరినీ తప్పించుకుని మూతి బిగించుకు రమ్మనడం లేదు. పలకరింపులయ్యాక ఫోను తీసేముందు ఓ పది నిమిషాలు ఒక్కడివీ కూర్చో. వాక్యభాగం మళ్లీ తెరిచి మొదటినుంచి చివరిదాకా చదువు. ప్రసంగంలో నిన్ను పొడిచిన మాట ఏదో ఒకే ఒక్క వాక్యంలో రాసుకో.

ఒకే ఒక్క వాక్యం అని ఎందుకంటున్నానో చెబుతాను. నేను నోట్సు రాయడంలో దిట్టను. పదకొండు నోటుపుస్తకాలు నింపాను. తేదీ, వాక్యభాగం, మూడు అంశాలు, ఎర్ర సిరాతో గీతలు. ఒక ఆదివారం, బలిపీఠం దగ్గర నీ అర్పణ విడిచి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడు అన్న మాట మీద ప్రసంగం. మూడు పేజీలు రాశాను. సాయంత్రం మీ పెద్దమ్మ పుస్తకం తిరగేసి, "ఇంత రాశారు, ఇందులో తమ్ముడి పేరెక్కడ?" అంది. అప్పటికి రెండేళ్లుగా మాకు మాటల్లేవు. తమ్ముడంటే మీ నాన్నే. గోడ దగ్గర మొదలైన గొడవ. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నాలుగో రోజుకు గానీ కాళ్లు కదల్లేదు. తలుపు తీసింది నువ్వే, ఆరేళ్లవాడివి. "నాన్నా, ఎవరో వచ్చారు" అని అరిచావు. పెదనాన్న అని కూడా గుర్తుపట్టలేదు. ఆ 'ఎవరో' అన్న మాట నాకు ఆ ప్రసంగం కంటే గట్టిగా తగిలింది.

అద్దంలో ముఖం చూసుకుని వెళ్లిపోయి తానెలా ఉన్నాడో మరిచిపోయేవాడి గురించి యాకోబు రాశాడు కదా. నేను అద్దాన్ని అందంగా ఫ్రేము కట్టించి దాచుకున్నాను, అంతే తేడా.

కన్నీళ్ల విషయం కూడా చెప్పనీ. ఏడవడం తప్పు కాదు, కానీ దాన్నే ఫలమనుకోకు. యెహెజ్కేలు ప్రవక్త మాటలు వినడానికి జనం వచ్చి కూర్చునేవారు. మంచి గొంతున్న గాయకుడి పాట విన్నట్టు విని వెళ్లేవారు, చేసేవారు కారు. రోమా అధిపతి ఫేలిక్సు అయితే తన ఖైదులో ఉన్న అపొస్తలుడు పౌలు మాటలకు భయంతో వణికాడు. వణికి, "ఇప్పటికి వెళ్లు, సమయం దొరికినప్పుడు పిలిపిస్తాను" అన్నాడు. ఆ తర్వాత పిలిపించాడు కూడా, చాలాసార్లు, లంచం దొరుకుతుందేమోనన్న ఆశతో. వణుకు ఆ రోజుతో సరి.

దీనికి పూర్తిగా ఎదురు నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం. తీరిగ్గా చదువు. యాజకుడైన ఎజ్రా తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. ఆలయ సేవ చేసే లేవీయులు అర్థం చెప్పారు. జనం ఏడ్చారు. ఏడ్పు ఆపి, వెళ్లి తినండి, లేనివాళ్లకు పంపండి అని నాయకులే చెప్పాల్సి వచ్చింది. అక్కడితో ఆగిపోతే అదీ ఒక మంచి ఆదివారంలా మిగిలేది. మర్నాడు ఏం జరిగిందన్నదే నాకు ముఖ్యం. కుటుంబ పెద్దలు మళ్లీ ఎజ్రా దగ్గర పోగయ్యారు, నిన్న విన్నది ఇంకా బాగా తెలుసుకోవాలని. పర్ణశాలల పండుగ సంగతి కంటబడింది. కొండకు వెళ్లి కొమ్మలు తెచ్చి ఇళ్లమీదా ముంగిళ్లలోనూ పర్ణశాలలు కట్టేశారు. యెహోషువ కాలం నుంచి అలా ఎవరూ చేయలేదట. నీ సోమవారం అలా ఉండాలని నా కోరిక.

ఆ కొమ్మల సంగతి గమనించు. 'దేవునికి మరింత దగ్గరవ్వాలి' అని వాళ్లు తీర్మానం చేసుకోలేదు. ఏ చెట్ల కొమ్మలు తేవాలో చూసుకున్నారు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గర జనం "మేమేమి చేయాలి" అన్నప్పుడూ అంతే. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలన్నాడు, సుంకరులను నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, సైనికులను జీతంతో తృప్తిపడమన్నాడు. ఎవరి చేతిలో ఏముందో దానికి తగ్గట్టు. కాబట్టి నువ్వు రాసుకున్న వాక్యం కింద మూడు రోజుల్లో చేయగలిగిన పని ఒకటి రాయి. మనిషి పేరుతో, రోజుతో. 'ప్రేమ కలిగి ఉండాలి' అని రాస్తే కొట్టెయ్.

విన్నదాన్ని పరీక్షించడం అమర్యాద కాదు. బెరయ పట్టణంవాళ్లు పౌలు చెప్పినదాన్నే లేఖనాల్లో వెతికి చూసుకుంటే వాళ్లను ఘనులన్నారు గానీ తలబిరుసు వాళ్లనలేదు. సందేహం ఉంటే పాస్టర్ గారినే అడుగు, గుమ్మం దగ్గర పదిమందిలో కాదు, విడిగా. శిష్యులు కూడా ఉపమానం అర్థం కాక ఇంట్లోకి వచ్చాకే ప్రభువును అడిగారు. అయితే తప్పులు పట్టడానికే బైబిలు తెరిచేవాళ్లున్నారు, వాళ్లతో చేరకు.

ఇంట్లో మాట్లాడు. భోజనాల దగ్గర 'ఈరోజు నీకేం గుర్తుంది' అని పిల్లల్ని అడుగు, పరీక్ష పెట్టినట్టు కాకుండా. ముందు నీదేదో చెప్పు. క్రైస్తవ బోధను ప్రశ్నలూ జవాబులుగా చెప్పే, 1647లో ముగించిన వెస్ట్‌మిన్‌స్టర్ పెద్ద ప్రశ్నోత్తరిలో 160వ ప్రశ్న, వాక్యం వినేవాళ్లు ఏం చేయాలన్నది. అందులో సిద్ధపాటు, ప్రార్థన ఉన్నాయి సరే, విన్నది లేఖనాలతో సరిచూసుకోవడం, ధ్యానించడం, ఒకరితో ఒకరు ముచ్చటించడం, హృదయంలో దాచుకోవడం, ఫలించడం కూడా ఉన్నాయి. ఆ కాలం వాళ్లకు ప్రసంగం వారమంతటి పని.

ఇంకో మాట. సోమవారం నుంచి శనివారం దాకా యూట్యూబులో రోజుకో ప్రసంగం వింటున్నానని రాశావు. నా సలహా అడిగితే వాటిని తగ్గించు. ఆదివారం విన్నది అరగకముందే మీదమీద వడ్డించుకుంటున్నావు. వారం మధ్యలో అదే వాక్యభాగం మళ్లీ చదివి, దాన్నే పట్టుకుని ప్రార్థన చేయి.

ప్రసంగం చప్పగా ఉన్న ఆదివారాలు వస్తాయి. పాస్టర్లూ మనుషులే, వాళ్లకూ నిద్రలేని వారాలుంటాయి. అలాంటప్పుడు చదివిన వాక్యభాగమైనా మిగులుతుంది, దాంతో పని జరుపుకో. కునుకు పట్టిందని మరీ కుమిలిపోకు. పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే ఐతుకు అనే కుర్రాడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు దిగివచ్చి వాణ్ని కౌగిలించుకున్నాడు గానీ కోప్పడలేదు. (కిటికీలో కూర్చోకపోతే చాలు.)

ఇక జక్కయ్య దగ్గరికి వద్దాం. చెట్టు గుర్తుండిపోయింది నీకు. దిగాక అతనన్నది చూడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగింతలు. అంతా లెక్కల్లోనే చెప్పాడు. కిందటేడు ఉత్తరంలో నువ్వొక స్నేహితుడి దగ్గర డబ్బు తీసుకున్నాననీ, అతను అడగడం మానేశాడనీ రాశావు. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నాలుగింతలు అక్కర్లేదు. ఉన్నంత పట్టుకుని శనివారంలోగా వెళ్లు, మిగతాది ఎప్పుడిస్తావో అతనికి చెప్పు. అతనేమన్నాడో నాకు రాయి.

పెద్దమ్మ ఆశీస్సులు చెప్పమంది.

నీ పెదనాన్న