వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో సైకిల్ దారులు కావాలంటే ఎవరిని, ఏమని అడగాలి?

హసన్‌పర్తి వైపు నుంచి హనుమకొండకు రోజూ సైకిల్ మీద ఉద్యోగానికి వెళ్తున్నానని, ఈ మూడు పట్టణాల మధ్య సైకిల్‌కు భద్రమైన దారి కావాలని అధికారులను ఎలా ఒప్పించాలో తెలియడం లేదని, ఇక్కడ ఎవరైనా ప్రయత్నించి ఫలితం సాధించారా అని మీరు అడిగారు. నేను హనుమకొండలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడిని. మా పిల్లల్లో చాలామంది సైకిళ్ల మీదే బడికి వస్తారు. వారి కోసం కొందరు తల్లిదండ్రులు, తోటి ఉపాధ్యాయులు, నేను కలిసి కొన్నేళ్లుగా అధికారుల చుట్టూ తిరుగుతున్నాం. కొన్ని పనులు జరిగాయి, ఎక్కువ పనులు ఇంకా జరగలేదు. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. "మా నగరానికి సైకిల్ ట్రాక్ కావాలి" అని అడిగితే అది అందమైన కోరికగా మాత్రమే మిగిలిపోతుంది. "ఫలానా చౌరస్తా నుంచి ఫలానా చౌరస్తా వరకు ఇప్పటికే ఇంతమంది సైకిల్ మీద పనికి వెళ్తున్నారు, వారికి ఈ మూడు చోట్ల ప్రమాదం ఉంది, ఈ పని చేయండి" అని అడిగితే అది ఫైలు అవుతుంది. కొత్తగా ఎవరిచేతనో సైకిల్ తొక్కించడం కన్నా, తప్పనిసరై ఇప్పటికే తొక్కుతున్నవారిని కాపాడమని అడగడంలో న్యాయబలం ఎక్కువ.

వరంగల్ అధికార యంత్రాంగానికి ఈ విషయం కొత్తది కాదు. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2020 జూన్‌లో ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్ ఛాలెంజ్ అనే పోటీని ప్రకటించింది. 2021లో ఎంపికైన 11 నగరాల్లో బెంగళూరు, భువనేశ్వర్, సూరత్, నాగ్‌పూర్‌లతో పాటు వరంగల్ కూడా ఉంది, ఒక్కో నగరానికి కోటి రూపాయల పురస్కారం ప్రకటించారు. మీ వినతిపత్రం మొదటి పేరాలోనే ఈ మాట రాయండి. నగరం స్వయంగా పోటీలో నిలబడి గెలిచిన విషయాన్ని గుర్తుచేస్తే, "ఇది మన ఊళ్లో అయ్యే పనేనా" అన్న మొదటి అభ్యంతరం అక్కడే తొలగిపోతుంది.

అయితే సైకిల్ అనగానే మన నాయకులకైనా, అధికారులకైనా ముందుగా చెరువు కట్టే గుర్తుకు వస్తుంది. భద్రకాళి చెరువు కట్ట ఉదయపు నడకకు చక్కని చోటు, దాని విలువను నేను తక్కువ చేయడం లేదు. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు వెంట 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ కూడా చూడదగ్గదే. కానీ కాశిబుగ్గలో ఉండి హనుమకొండ హోటల్లో పనిచేసే మనిషికి చెరువు కట్ట దారి కాదు. అతనికి పోచమ్మమైదాన్ దాటాలి, ఎంజీఎం ఆసుపత్రి ముందు నుంచి పోవాలి, ములుగు రోడ్డు కూడలిలో బస్సుల మధ్య నుంచి బయటపడాలి. మన వినతి అతని దారి గురించి ఉండాలి.

ఇక్కడే లెక్క తీయడం అవసరమవుతుంది. మా మొదటి సమావేశంలో ఒక ఇంజనీరు గారు, "ఈ రోడ్డు మీద సైకిళ్లు ఎక్కడున్నాయండీ, నాకైతే కనబడవు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన కార్యాలయానికి వచ్చే పదిన్నర గంటలకు సైకిళ్లు నిజంగానే ఉండవు. పేపరు వేసే పిల్లలు, పాలు పోసేవారు, రాత్రి కాపలా ముగించుకొని ఇంటికి వెళ్లే వాచ్‌మెన్లు, అడ్డా మీదికి చేరే మేస్త్రీలు, రంగులు వేసేవారు తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఎనిమిదిలోపే రోడ్డు దాటిపోతారు. బడి పిల్లలు తొమ్మిదికల్లా లోపల ఉంటారు. పనివారు తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. అందుకే మేము ఒక చౌరస్తాలో తెల్లవారకముందే నిలబడి, పావుగంటకొక గడి చొప్పున కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కించాం. పెద్దలు, పిల్లలు, ఆడపిల్లలు, వెనుక సామాను కట్టుకున్నవారు అని వేర్వేరు గళ్లు పెట్టాం. ఆ కాగితాలు బల్ల మీద పరిచినప్పుడు అదే ఇంజనీరు గారు చాలాసేపు చూసి, సాయంత్రం లెక్క కూడా తెమ్మన్నారు. తెచ్చాం. ఆ సాయంత్రాల్లోనే మరో సంగతి కంటపడింది. దీపాలన్నీ డివైడర్ మీద ఉండటం వల్ల వెలుతురు రోడ్డు నడుమ పడుతోంది, సైకిల్ వెళ్లే ఎడమ అంచు చెట్ల నీడలో చీకటిగా ఉంటోంది. అంచున దీపాలు అడగాలన్న ఆలోచన అక్కడ నిలబడకపోతే మాకు వచ్చేది కాదు.

తర్వాత తేల్చుకోవలసింది రోడ్డు ఎవరిదన్నది. చాలా వినతులు ఇక్కడే ఆగిపోతాయి. లోపలి రోడ్లు ఎక్కువగా గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌వి, కొన్ని ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖవి, కొన్ని జాతీయ రహదారుల విభాగానివి, కొన్ని పనులు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) చేపడుతుంది. మీరు వచ్చే కరీంనగర్ దారి 563వ నంబరు జాతీయ రహదారికి సంబంధించినది కనుక, భీమారం నుంచి కేయూ (కాకతీయ విశ్వవిద్యాలయం) క్రాస్ రోడ్డు మీదుగా నయీంనగర్ దాకా ఏ భాగం ప్రస్తుతం ఎవరి నిర్వహణలో ఉందో ముందుగా రాతపూర్వకంగా తెలుసుకోండి. 2021లో జిల్లాల పేర్లు, హద్దులు మారిన తర్వాత మన నగరం హనుమకొండ, వరంగల్ అనే రెండు జిల్లాల్లో పరుచుకొని ఉంది. ఒకే రోడ్డు గురించి ఇద్దరు కలెక్టర్లకు రాయవలసి రావచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో వినతి ఇచ్చినప్పుడు ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు. రోడ్డు కొత్తగా వేస్తున్నారని తెలిస్తే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఆ పని ఎస్టిమేటు, డ్రాయింగు నకళ్లు అడగండి. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి, రాకపోతే మొదటి అప్పీలు ఉంది. డ్రాయింగు చేతిలో ఉన్నవారితో ఇంజనీర్లు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

మాకు మొదట దక్కిన ఫలితం చాలా చిన్నది, అయినా దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మా బడి దగ్గరి మలుపులో వాన నీరు మురికి కాలువలోకి దిగడానికి రోడ్డు అంచున ఇనుప జాలీ వేశారు. దాని కడ్డీలు రోడ్డు పోయే దిశలోనే ఉన్నాయి, కడ్డీకీ కడ్డీకీ మధ్య రెండు వేళ్లు సులువుగా పట్టే సందు ఉంది. మన దగ్గర పెద్దలు తొక్కే మామూలు సైకిల్ టైరు ఒకటిన్నర అంగుళమే, పిల్లల సైకిళ్లవి కొన్ని ఇంకా సన్నం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు ఆటోకు దారి ఇవ్వబోయి అంచుకు రాగానే ముందు చక్రం ఆ సందులో దిగి, ఆమె హ్యాండిల్ మీదుగా పడింది. ముంజేయి విరిగింది. మేము ఆ జాలీ మీద కొలత టేపు పరచి, పక్కన సైకిల్ చక్రం నిలబెట్టి ఫోటో తీశాం. వినతిలో ఒకే వాక్యం రాశాం: జాలీ నలుచదరంగా ఉంది కాబట్టి దానిని పావు మలుపు తిప్పి, కడ్డీలు రోడ్డుకు అడ్డంగా వచ్చేలా బిగించండి. కొత్త సామాను అక్కరలేదు, టెండరు అక్కరలేదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు వెల్డర్‌ను పంపించి పూటలో పని పూర్తి చేయించారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఉన్న మరికొన్ని జాలీలను కూడా అడగకుండానే తిప్పించారు. డబ్బు లేకుండా చేయగల పనితో మొదలుపెట్టమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. మొదటి పని చేసిపెట్టిన అధికారి రెండో వినతిని శ్రద్ధగా చదువుతారు.

గీత గీసి సైకిల్ బొమ్మ వేస్తామంటే మాత్రం వెంటనే ఒప్పుకోవద్దు. మా ప్రాంతంలో ఒక రోడ్డు అంచున అలాంటి రంగు గీత వేసి ఫోటోలు తీసుకున్నారు. కొద్ది వారాల్లో దాని మీద కార్లు నిలిచాయి, మరుసటి వానాకాలానికి గీతే కనబడకుండా పోయింది. సైకిల్ ట్రాకుల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ఐఆర్‌సీ 11 ఉంది, దానిని 2015లో సవరించారు. వాహనాల వేగం ఎక్కువగా ఉన్న రోడ్డు మీద ఎత్తుగట్టుతోనో, స్తంభాలతోనో వేరు చేసిన, రెండు సైకిళ్లు పక్కపక్కన పోగలిగేలా కనీసం రెండు మీటర్ల వెడల్పున్న దారినే అడగండి. అంత వెడల్పు దొరకని లోపలి రోడ్లలో ట్రాక్ కోసం పట్టుబట్టడం వ్యర్థం. అక్కడ వాహనాల వేగం తగ్గించే ఏర్పాట్లు అడగడమే మేలు. ఫాతిమానగర్ రైల్వే వంతెన వంటి ఇరుకు చోట్లు వేరే సమస్య. ఎత్తు ఎక్కలేక సైకిల్ దిగి తోసుకుంటూ పోయే మనిషికి పక్కన అడుగు తీసి అడుగు వేసే చోటైనా ఉండాలి. వంతెనల విస్తరణ, కొత్త వంతెనల డ్రాయింగుల దశలోనే ఈ చోటు అడగాలి, కాంక్రీటు పోశాక ఎవరూ ఏమీ చేయలేరు.

దుకాణదారులు, తోపుడు బండ్లవారు వ్యతిరేకిస్తారని మిమ్మల్ని చాలామంది భయపెడతారు. తోపుడు బండ్లవారిని ఖాళీ చేయించి ట్రాక్ వేయమని ఎన్నడూ అడగవద్దు. వీధి వ్యాపారులకు 2014 చట్టం రక్షణ ఇచ్చింది, పైగా వారి ఇళ్లలోనూ సైకిల్ తొక్కేవారే ఉన్నారు. మాతో లెక్కకు నిలబడినవారిలో ఒక పండ్ల బండి ఆయన ఉన్నారు. దుకాణాల ముందు రోజంతా కదలకుండా నిలిచే వాహనాలే అసలు అడ్డంకి, వాటి గురించి ట్రాఫిక్ పోలీసులతో విడిగా మాట్లాడాలి.

సమావేశాలకు తల్లులను తప్పక తీసుకువెళ్లండి. ఈరోజు సైకిళ్లకు పేరుపొందిన నెదర్లాండ్స్‌లో 1971 ఒక్క ఏడాదిలోనే రోడ్డు ప్రమాదాల్లో 3 వేల మందికి పైగా చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. ఆ తర్వాత తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి చేసిన ఉద్యమమే అక్కడి ప్రభుత్వాన్ని కదిలించింది. మన దగ్గర కూడా మా వినతులన్నీ చెప్పలేని మాటను చేయి విరిగిన అమ్మాయి తల్లి రెండు నిమిషాల్లో చెప్పింది: "సార్, బస్సుకు పైసల్లేకనే సైకిల్ మీద పంపిస్తున్న. బడి మాన్పించమంటరా?" ఆ గదిలో ఎవరూ సమాధానం చెప్పలేకపోయారు. 2019 నాటి మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలని చెప్పింది, ఒక్కొక్కదానిలో 15 మంది. మీ డివిజన్‌లో ఆ కమిటీలు ఉంటే మహిళల కమిటీ ద్వారా తీర్మానం చేయించడానికి ప్రయత్నించండి. పాలకవర్గం ఉన్నా, ప్రత్యేకాధికారి పాలన ఉన్నా ఆ కాగితానికి బరువు ఉంటుంది.

వేళ కూడా చూసుకోవాలి. మార్చిలో బడ్జెట్ ముగిశాక ఇచ్చిన వినతికి "వచ్చే ఏడాది చూద్దాం" అనే జవాబే వస్తుంది. లెక్కలు దసరా సెలవుల తర్వాత తీసి, డిసెంబరులోగా ఇంజనీరింగ్ విభాగానికి అందించగలిగితే అంచనాల్లో చేరే అవకాశం ఉంటుంది. మీ దారిలో మొదట కేయూ క్రాస్ రోడ్డు దగ్గర ఒక ఉదయం, ఒక సాయంత్రం లెక్క తీయండి. విశ్వవిద్యాలయ విద్యార్థులు తోడు వస్తే ఇంకా మంచిది. లెక్క కాగితం నమూనా, మేము ఇచ్చిన జాలీ వినతి నకలు కావాలంటే ఇక్కడే అడగండి, పంపిస్తాను.