ఎమ్మెస్‌డబ్ల్యూ చదివించండి, రికార్డరూ పట్టుకోనివ్వండి

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఏ హిస్టరీ చివరి ఏడాది చదువుతోంది. మా మావగారు రెండేళ్లు డయాలసిస్ చేయించుకుని కాలం చేశారు. ఆఖరి నెలల్లో ఆస్పత్రిలో ఒక సోషల్ వర్కర్ మేడమ్ మమ్మల్ని చాలా ఆదుకున్నారు. ‘తాతయ్య ఫైలంతా చూశాను, ఆవిడ పేరు ఎక్కడా లేదమ్మా. ఇలాంటివాళ్ల చేత చెప్పించి రికార్డు చేస్తాను, అదే నా కెరీర్’ అంటోంది పిల్ల. చుట్టాలంతా బీఈడీ చేయించి డీఎస్సీకి కూర్చోబెట్టమంటున్నారు. ఇలాంటి పనికి కోర్సు ఉందా? తిండి పెడుతుందా?
(ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆస్పత్రి సోషల్ వర్కర్ల జ్ఞాపకాలు రికార్డు చేయడం ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదు. ఆ పేరుతో మన దగ్గర నోటిఫికేషన్లు పడవు. కానీ ఆ పనిని లోపలి నుంచి నేర్పే చదువు ఉంది, దానికి జీతమిచ్చే ఉద్యోగాలూ ఉన్నాయి. అదే ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ. మీ అమ్మాయి ముందు ఆ మేడమ్ చేసిన పని నేర్చుకోవాలి. చరిత్ర సేకరణ దాని పక్కనే సాగాలి. పని తెలియనివాళ్లు అడిగే ప్రశ్నకీ తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నకీ చాలా తేడా ఉంటుంది.

మీ పిల్ల ఫైలు చూసి పట్టుకున్న విషయం మాత్రం అసలైనది. అది చరిత్ర చదివినవాళ్ల చూపు. కేస్‌షీట్‌లో క్రియాటినిన్ ఎంతో ఉంటుంది, ఏ రోజు ఏ ఇంజెక్షన్ ఇచ్చారో ఉంటుంది. ‘ఇంక నన్ను సూదులకి తిప్పకండి’ అని ఒక పెద్దాయన అన్నప్పుడు, ఆ మాట కొడుకులు వినేలా చేసిందెవరో ఉండదు. పింఛను కాగితాల కోసం ఎవరు తిరిగారో, వలస వెళ్లిన కొడుక్కి ఫోన్ చేసి ‘ఈ వారంలోనే రా బాబూ’ అని ఎవరు చెప్పారో ఉండదు. పాలియేటివ్ కేర్‌లో, అంటే జబ్బు నయం కాని దశలోనూ నొప్పినీ దిగులునీ తగ్గించే వైద్యంలో, సోషల్ వర్కర్ పనంతా మాటల్లోనే జరుగుతుంది. చేసినవాళ్లు నోరు విప్పి చెబితే తప్ప అది మిగలదు.

ఈ వైద్యం పుట్టుకే చూడండి. లండన్‌లో సిసిలీ సాండర్స్ నర్సుగా మొదలుపెట్టి, నడుం నొప్పి వల్ల ఆ పని మానుకుని, ఆస్పత్రిలో ఆల్మనర్ అయ్యారు. అప్పట్లో మెడికల్ సోషల్ వర్కర్‌ని అలా పిలిచేవారు. ఆ ఉద్యోగంలోనే డేవిడ్ టస్మా అనే పోలండ్ శరణార్థి పరిచయమయ్యాడు. దేశంకాని దేశంలో కేన్సర్‌తో ఒంటరిగా ఉన్న మనిషి. చావు దగ్గరపడ్డ మనిషికి ఏం కావాలో ఇద్దరూ మాట్లాడుకున్నారు. 1948లో అతను చనిపోతూ, ఆవిడ కట్టబోయే ఇంట్లో ఒక కిటికీగా ఉంటానని 500 పౌండ్లు వదిలివెళ్లాడు. ఆవిడ తర్వాత డాక్టరీ చదివి 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. హాస్పిస్ అంటే చివరి దశలో ఉన్న రోగుల్ని చూసుకునే ఇల్లు. నొప్పి ఒంటికే కాదు, మనసుకీ ఇంటికీ నమ్మకానికీ కూడా ఉంటుందని ఆవిడ చెప్పిన మాట మీదే ఇవాళ్టి పాలియేటివ్ కేర్ నిలబడింది. ఆ మంచం పక్క కబుర్లు ఏ ఫైల్లోనూ లేవు. ఆవిడ పదే పదే చెప్పుకున్నారు కాబట్టి మనకి దక్కాయి. 1990లలో డేవిడ్ క్లార్క్ అనే ఆచార్యుడి బృందం బ్రిటన్ హాస్పిస్‌లలో పనిచేసినవాళ్ల జ్ఞాపకాలను ఓపిగ్గా రికార్డు చేసింది. కాబట్టి మీ అమ్మాయి కోరిక గాల్లోంచి పుట్టిందేమీ కాదు.

మన దేశంలో మొదటి మెడికల్ సోషల్ వర్కర్‌ని 1946లో బొంబాయి జేజే ఆస్పత్రిలో నియమించారు. మొదటి హాస్పిస్ శాంతి అవేదన సదన్ 1986లో బొంబాయిలోనే మొదలైంది. 1993లో కాలికట్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ వాళ్లు పెట్టిన సొసైటీ నుంచి కేరళ ఊరూరా ఈ సేవ పాకింది. 1994లో పాలియేటివ్ కేర్‌కి అఖిల భారత సంఘం ఏర్పడింది. ఇప్పుడొక లెక్క వేయండి. 1993లో పాతికేళ్ల వయసులో చేరినవాళ్లు ఇవాళ అరవై చేరువలోనో దాటో ఉన్నారు, రిటైరవుతున్నారు. వాళ్లకంటే ముందు తరం ఇప్పటికే పలచబడింది. అందుకే ‘ఉద్యోగం వచ్చాక తీరిగ్గా చేసుకోవచ్చులే’ అని మీ అమ్మాయికి నేను చెప్పను.

మన జిల్లా చరిత్ర ఇంకా దగ్గరిది. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని ముంచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. దగ్గర్లో డయాలసిస్ లేని రోజుల్లో విశాఖలో పెద్దాస్పత్రి కేజీహెచ్‌కి పోయేవారు. ఇచ్ఛాపురం నుంచి రెండొందల కిలోమీటర్ల పైనే. మిషన్ మీద నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు. 2007లో ఆరోగ్యశ్రీ మొదటగా ప్రారంభమైన మూడు జిల్లాల్లో మనదొకటి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది. ఇదంతా కాగితాల మీద దొరుకుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి జబ్బు వచ్చినప్పుడు ఎవరిని ముందు తీసుకెళ్లాలో ఆ ఇంటివాళ్లు ఎలా తేల్చుకున్నారో, అప్పుడు వాళ్ల పక్కన కూర్చున్న ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, ఆరోగ్యమిత్ర ఏమన్నారో ఎక్కడుంది? వాళ్లలో చాలామందికి తాము చేసింది సోషల్ వర్క్ అనే తెలియదు. మీ అమ్మాయి జాబితాలో నేనైతే వాళ్లనే ముందు రాస్తాను.

ఇక చదువు. ఎమ్మెస్‌డబ్ల్యూ రెండేళ్లు, ఏ డిగ్రీ వాళ్లయినా చేరవచ్చు. మన రాష్ట్రంలో ఏపీ పీజీసెట్ రాయాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాత, పేరున్న సోషల్ వర్క్ విభాగం ఉంది. దూరం పంపగలిగితే 1936లో మొదలైన ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కి ప్రయత్నించమనండి. ఎక్కడ చేరినా ఫీల్డ్‌వర్క్‌కి ఆస్పత్రినే అడిగి తీసుకోవాలి, ప్రాజెక్టు రిపోర్టుకి నోటిమాటగా సేకరించే ఈ మౌఖిక చరిత్రనే అంశంగా పెట్టుకోవాలి. అప్పుడు ఆమె ఇష్టానికి గైడూ దొరుకుతారు, మార్కులూ వస్తాయి. ఆ తర్వాత హైదరాబాద్ ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రి పాలియేటివ్ విభాగంలోనో, త్రివేండ్రం పాలియం ఇండియాలోనో కొన్నాళ్లు శిక్షణ తీసుకుంటే చేయి తిరుగుతుంది.

ఉద్యోగాలు కేన్సర్ ఆస్పత్రుల్లో ఉంటాయి. టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆస్పత్రి విశాఖ అగనంపూడిలోనే ఉంది. మెడికల్ కాలేజీలు, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. అవయవ మార్పిడి చేసే ఆస్పత్రుల్లో కోఆర్డినేటర్ ఉండి తీరాలని చట్టమే చెబుతోంది. మొదట్లో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే, జీతం టీచర్ కంటే తక్కువే. ఇది దాచి మిమ్మల్ని ఒప్పించడం నాకిష్టం లేదు. కానీ పాలియేటివ్ కేర్ అవసరమైనవాళ్లలో ప్రపంచం మొత్తం మీద 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఈ పని తెలిసిన మనుషుల అవసరం పెరిగేదే. పాఠం చెప్పడం మీద నిజంగా మనసుంటే బీఈడీ మంచి చదువే. మీ ఉత్తరంలో ఆ మనసు చుట్టాల్లో కనిపించింది గానీ పిల్లలో కనిపించలేదు.

రికార్డింగ్ ఈ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. ఫోన్ చాలు, చవకగా దొరికే కాలర్ మైక్ ఒకటి కొనండి, ఫ్యాన్ ఆపి కూర్చోమనండి. మూడు చోట్ల కాపీలు దాచాలి. గంట రికార్డింగ్ కాగితం మీద పెట్టడానికి ఆరేడు గంటలు పడుతుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు. రాసేటప్పుడు మాటలు దిద్దొద్దని గట్టిగా చెప్పండి. ‘మా అయ్యకి కేన్సరని సెప్పకండి బాబూ, నానేటి సేసేది’ అని ఒక కూతురు అన్నదాన్ని ‘మా నాన్నగారికి తెలియజేయవద్దు’ అని మారిస్తే ఆ కూతురు మాయమైపోతుంది. సవర గిరిజనుల నోటి నుంచే వాళ్ల భాష నేర్చుకుని, విన్నది విన్నట్టు రాసుకున్న గిడుగు రామమూర్తి గారు మన జిల్లాలో పుట్టినవారే. ఆ పద్ధతి మనకి పరాయిది కాదు.

జాగ్రత్తగా ఉండాల్సింది ఒక్కచోట, రహస్యాల దగ్గర. చెప్పేది సోషల్ వర్కరే అయినా ఆ కథలో ఉండేది రోగి. పల్లెల్లో పేరు మారిస్తే సరిపోదు. ‘చెరువు గట్టు మీది ఇల్లు, పెద్ద కొడుకు చెన్నైలో’ అంటే చాలు, ఊరందరికీ తెలిసిపోతుంది. ఆ ఆనవాళ్లు కూడా తీసేయాలి. రికార్డు చేసే ముందొకసారి, రాసింది చదివి వినిపించాక ఇంకోసారి, తెలుగులోనే సంతకం తీసుకోవాలి. ‘నేను పోయాకే బయటపెట్టు’ అంటే అలాగే దాచాలి. ఈమధ్యే మనిషిని పోగొట్టుకున్న ఇంటికి రికార్డర్ పట్టుకుని వెళ్లకూడదు. కొన్నేళ్ల పని పోగయ్యాక యూనివర్సిటీ లైబ్రరీతో కాగితం మీద ఒప్పందం చేసుకుని అప్పగించాలి. ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో పడి ఉంటే అది చరిత్ర కాదు.

ఆ మేడమ్ దగ్గరికి వెళ్లేముందు చేయి అలవాటు కావాలి కాబట్టి, మొదటి రికార్డింగ్ మీతోనే చేయమనండి. మీ మావగారి పక్కన రాత్రుళ్లు కూర్చున్నది మీరే అయ్యుంటారు. ఇప్పుడే మాట్లాడలేనంటే మానేయండి, దానికి తొందర లేదు. మాట్లాడగలనంటే, జబ్బు సంగతితో మొదలుపెట్టొద్దనండి. ఆ మేడమ్‌ని మొట్టమొదట చూసిన రోజు పొద్దున మీరు ఏ బస్సెక్కారు, చేతిలో ఏముంది, ఆస్పత్రిలో మీతో మొదట మాట్లాడిందెవరు అని అడగమనండి. తర్వాత మీరు ఆగిన చోట తనూ ఆగాలి, తొందరపడి ఇంకో ప్రశ్న వేయకూడదు.