పోల్ మీద తెల్ల డబ్బా

ప్రశ్న: సర్, మాది గచ్చిబౌలిలో చిన్న అపార్ట్‌మెంట్. మొన్న ఇద్దరు పిల్లలొచ్చి మా గేటు పక్కన కరెంటు పోల్‌కి ఒక తెల్ల డబ్బా బిగించి పోయిన్రు, అడిగితే స్మార్ట్ సిటీ పైలట్, అంటే ట్రయల్ అన్నరు. అండ్ల కెమెరా ఉందని మా అత్తమ్మ బాల్కనీల బట్టలు కూడా ఆరేయనిస్తలేదు. నిజంగనే మమ్మల్ని రికార్డ్ చేస్తదా? టెస్టింగ్‌కి మా గల్లీనే దొరికిందా?
— ఓ పాఠకురాలు

జవాబు: ముందు అత్తమ్మ సంగతి చూద్దాం. డబ్బా కింద చిల్లులుండి, లోపల చిన్న ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వస్తుంటే అది చాలావరకు గాలిలో దుమ్ము కొలిచేదే. ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతది, అక్కడ సన్నటి లేజర్ వెలుగుంటది, దుమ్ము కణం అడ్డొస్తే వెలుగు చెదురుతది, ఎంత చెదిరిందో చూసి పీఎం 2.5, అంటే కంటికి కనపడని సన్న దుమ్ము, లెక్క కడతది అంతే, దానికి మీ బట్టలు కనపడవు. గాజు కన్ను కనిపిస్తే మాత్రం అత్తమ్మదే కరెక్టు, ఎవరు పెట్టారో, ఆ ఫొటోలు ఎటు పోతున్నాయో నిలదీయాల్సిందే.

మీ గల్లీయే ఎందుకంటారా, చాలామంది హైదరాబాద్ కూడా కేంద్రం స్మార్ట్ సిటీ లిస్టులో ఉండేదనుకుంటారు, లేదండీ. 2015లో మొదలై 2025లో ముగిసిన ఆ 100 నగరాల మిషన్‌లో మన రాష్ట్రం నుంచి వరంగల్, కరీంనగర్ ఉండేవి. ఇక్కడ ఇట్లాంటి ప్రయోగాలు ఎక్కువగా కాలేజీలు, స్టార్టప్‌ల వైపు నుంచి వస్తాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్లు తమ 66 ఎకరాల క్యాంపస్‌నే లివింగ్ ల్యాబ్, అంటే జనం తిరిగే చోటే ప్రయోగశాల, చేసుకున్నారు, అక్కడ దుమ్ము కొలిచే డబ్బాలు పది పెట్టి దీపావళి పొగ కూడా కొలిచారు. ఒకే క్యాంపస్‌లో పది ఎందుకంటే, మెయిన్ రోడ్డు మీది గాలి, చెట్ల వెనక గాలి ఒకటి కాదు కదా.

ఇంతకీ టెస్ట్ అంటే ఏంటంటే, ఈ చవక సెన్సర్లకి తేమ పడదు, జనవరి పొద్దున మంచు బిందువుల్ని కూడా దుమ్మనుకుని నంబర్ పెంచేస్తాయి, అందుకే ఖరీదైన పెద్ద మిషన్ పక్కన కొన్నాళ్లు పెట్టి తేడా సరిచేస్తారు. నాకైతే ట్రిపుల్ ఐటీ వాళ్లు చేసిన నీళ్ల మీటర్ పని ఇంకా నచ్చింది. పాత మీటర్ పీకకుండా దాని మీదే చిన్న కెమెరా బిగిస్తారు, అది అంకెల ఫొటో తీసి చదువుతది. వినడానికి ఈజీనే, కానీ 3 పోయి 4 వస్తూ మధ్యలో ఆగిన అంకె చదవాలంటే మనకే కళ్లు చికిలించాల్సి వస్తది!

నా గొడవల్లా పైలట్ అయిపోయాక ఏంటని. మా బస్టాప్‌లో ఒకప్పుడు బస్సు టైమ్ చూపించే బోర్డు పెట్టారు, కొన్నాళ్లకి అది ఎప్పుడు చూసినా 2 నిమిషాలే అనేది, మేం నవ్వుకుని ఆటో ఎక్కేవాళ్లం, ఇప్పుడు దాని మీద ట్యూషన్ పోస్టర్ ఉంది. అందుకే ఈసారి ఆ పిల్లలొస్తే ఎన్ని నెలలు ఉంటది, రీడింగ్ మాకూ చూపిస్తారా, పాడైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని అడిగి, ఒక నంబర్ డబ్బా మీద రాసి పొమ్మనండి. మూత తీసి చూపించమంటే చాలావరకు చూపిస్తారు, అత్తమ్మని కూడా పక్కన నిలబెట్టుకోండి. మీరు మాత్రం స్టూల్ వేసుకుని ఎక్కొద్దు, అసలే అది కరెంటు పోల్.