చిన్న ఊరి జనగణన లెక్కలను ఎలా చదవాలి?

2011 జనగణనలో ‘ఊరు’ అంటే రెవెన్యూ గ్రామం, అంటే భూమి రికార్డుల్లో హద్దులున్న గ్రామం. శివారు పల్లెలు, తండాలు అందులోనే కలిసిపోతాయి. పంచాయతీ లెక్కతో తేడా రావడానికి ముఖ్య కారణం ఇదే.

ఎక్కువమంది తప్పుచేసేది అక్షరాస్యత దగ్గర. 0-6 ఏళ్ల పిల్లలను తీసేసి భాగించాలి. జనాభా 400, పిల్లలు 40, చదవను రాయను వచ్చినవారు 216 అనుకుంటే 216ను 360తో భాగించాలి: 60 శాతం. 400తో భాగిస్తే 54కు పడిపోయి, ఊరికి అన్యాయం జరుగుతుంది.

వెయ్యిమంది మగవారికి ఎందరు ఆడవారో చెప్పేది లింగ నిష్పత్తి. పిల్లలు నలభైమందే ఉన్నచోట ఇద్దరు ముగ్గురు అటూఇటూ అయినా పిల్లల్లో ఆ నిష్పత్తి తలకిందులవుతుంది, దాన్నిబట్టి తీర్పు చెప్పకండి.

ఎస్సీ, ఎస్టీల మొత్తం సంఖ్యలు ఊరివారీగా దొరుకుతాయి. బీసీ కులాల లెక్క అందులో వెతకవద్దు, ఉండదు. ఏడాదిలో ఆరు నెలలకు తక్కువ పనిచేసినవారు ‘ఉపాంత’ శ్రామికులు. కూలికెళ్లే ఆడవాళ్లలో కొందరు కనిపించేది అక్కడే.